తీగలో పంపిన చలి

"రాసుకోండి సార్. పెన్ను లేకపోతే మా టైలర్ దగ్గర సుద్దముక్క ఉంది, ఇప్పిస్తాను. మీ ఫైర్‌వాల్ దాటి లోపలికి వెళ్ళింది నేను. నేనొక్కణ్ణే. మా చెల్లెలికి ఇందులో ఆవగింజంత సంబంధం లేదు. ఇది మొదటి లైను. దీని కింద గీత కొట్టండి."

టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని ఇలా మొదలుపెట్టాడు ఫ్రిజ్ బాబాయ్. ఆయనకి వేరే పేరుందేమో గానీ మా వీధిలో దాని అవసరం ఎవరికీ రాలేదు. ఫ్రిజ్‌లు, చలిగదుల మిషన్లు బాగుచేస్తాడు. పని బాగానే చేస్తాడు, చేసిన దానికి పదింతలు చెబుతాడు. కిందటి వారమంతా ఈ బల్ల మీదే కూర్చుని, ఎదురుగా ఉన్న మందుల డిపో కంప్యూటర్లోకి తన కొట్లోంచే ఎలా దూరాడో, చలిగదిని ఎలా కాపాడాడో వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ చెప్పాడు. డిపో వ్యాన్ డ్రైవర్ టీ తాగుతూ విన్నాడు. ఆ మాట డిపోకి వెళ్ళింది, డిపో నుంచి పెద్దాఫీసుకి వెళ్ళింది. ఇవాళ సాయంత్రం పెద్దాఫీసు నుంచి నీలం చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి బాబాయ్ ఎదురుగా కూర్చున్నాడు. వాళ్ళ కంప్యూటర్ల చుట్టూ కాపలా గోడలు, అదే ఫైర్‌వాల్‌లు, పెట్టించేది ఆయనేనట.

బల్ల చివర బాబాయ్ చెల్లెలు నిలబడి ఉంది. డిపోలో చలిగది బాధ్యత ఆమెదే. డ్యూటీ దిగి సరాసరి వచ్చింది, భుజాన ఉన్న సంచీ పట్టీని రెండు చేతులతో పట్టుకుని ఉంది. మిగిలినవాళ్ళం టీ పోసే అక్క, లెక్కల మాస్టారు, పక్క కొట్లో బట్టలు కుట్టే నేను.

నీలం చొక్కా ఆయన గొంతు పెంచే మనిషి కాదు. "ముందే చెబుతున్నాను. బయటి మనిషిని లోపలికి రానిచ్చింది మీ చెల్లెలే అయితే ఆవిడ ఉద్యోగం పోతుంది. అది మా రూలు. ఆవిడకి తెలియకుండా మీరే గోడ పగలగొట్టి వచ్చారంటే ఆవిడ ఉద్యోగం నిలుస్తుంది, మీ మీద పోలీసు కేసు పెడతాం. ఆవిడేమో 'ఫోన్లో సాయం చేశాడు, అంతే' అంటున్నారు. వీధి మొత్తం ఇంకోలా చెబుతోంది. అందుకే మీ నోటితో వినడానికి వచ్చాను," అన్నాడు.

"అన్నయ్యా, ఇంటికి పద," అంది చెల్లెలు.

"నువ్వు ఊరుకోమ్మా, పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం," అన్నాడు బాబాయ్. ఆవిడకి నలభై దాటాయి. బాబాయ్ లెక్కలో ఇంకా జడగంటల వయసే.

"వినండి సార్. అసలు సంగతి చాలా చిన్నది. ఆ రోజు మధ్యాహ్నం నేను కొట్లో ఒక ఫ్రిజ్ తలుపుకి రబ్బరు మారుస్తున్నాను. ఫోన్ మోగింది, చూస్తే చెల్లెలు. 'అన్నయ్యా, చలిగది తెర ఎర్రగా మారింది, కూత పెడుతోంది, లోపల వేడెక్కుతోంది, ఏం చెయ్యాలో తెలియడం లేదు' అంది. ఆ గదిలో ఏముంటాయో తెలుసా అక్కా? పసిపిల్లలకి వేసే టీకాలు. వేడి తగిలిందంటే అవి ఉత్త నీళ్ళు. మరి మీ ఆఫీసు సాయం నంబరుకి చెయ్యలేదా అని అడిగాను. చేసిందట సార్. పాట వేశారట. పాట అయిపోయాక మళ్ళీ అదే పాట వేశారట. మంచి పాటేనట, పాపం, మీరేనా ఎంచింది?"

మాస్టారు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"పోనీ నేనే డిపోకి వెళ్దామంటే గేటు దగ్గర పాసు కావాలి, ఆ పాసు ఇచ్చేవాడు ఆ రోజు సెలవు. సరే, కాళ్ళు వెళ్ళలేని చోటికి చేతులు పంపిద్దాం అనుకున్నాను. మాస్టారూ, ఇప్పుడొక ఏర్పాటు ఉంది, మీరు వినుండరు. అక్కడి కంప్యూటర్ తెర ఇక్కడ నా తెర మీద కనబడుతుంది. ఇక్కడ నేను మౌస్ కదిపితే అక్కడ బాణం కదులుతుంది. అలా వెళ్ళాను, నాలుగు నొక్కులు నొక్కాను, ఎరుపు పోయి పచ్చ వచ్చింది, టీకాలు దక్కాయి. అంతే. ఇందులో నేను చేసిన గొప్పేముంది?"

"మా గోడ అంత తేలిగ్గా పోనివ్వదండీ," అన్నాడు నీలం చొక్కా ఆయన. "అది గేటు దగ్గర కాపలావాడి లాంటిది. లోపలివాళ్ళు బయటికి వెళ్తానంటే వెళ్ళనిస్తుంది. బయటివాళ్ళు లోపలికి వస్తానంటే ఆపేస్తుంది. లోపల ఎవరో ఒకరు తలుపు తీస్తే తప్ప మీరు రాలేరు. ఎవరు తీశారు?"

అందరం చెల్లెలి వైపు చూశాం. చూడకూడదని తెలిసే చూశాం. బాబాయ్ కాలు మీంచి కాలు దించేశాడు.

"ఎవరూ తియ్యలేదు. అటు చూడకండి, ఇటు చూడండి, కథ చెప్పేది నేను. ఆ టైములో ఆవిడ గదిలోనే లేదు. ఫోన్ పెట్టేసి చలిగది తలుపు దగ్గరికి పరిగెత్తింది. నేను ఒంటరిగా మీ గోడ ముందు నిలబడ్డాను. ఎలా ఉందనుకున్నారు? ఇటు చివర నుంచి చూస్తే అటు చివర కనబడదు, ఎక్కుదామంటే పట్టు దొరకదు. ఇంకొకడైతే తోక ముడిచి వచ్చేసేవాడు. నేను మెల్లిగా గోడ వెంబడే నడిచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీ ఆఫీసులో ఎవరో ఏదో అడిగారు, దానికి జవాబు బయట నుంచి లోపలికి వెళ్తోంది. కాపలావాడు దానికి తలుపు వారగా తీశాడు. నేను ఆ జవాబు చొక్కా పట్టుకుని వెనకే దూరిపోయాను. పక్కకి తిరిగి, ఊపిరి బిగపట్టి. చూడండి, ఇక్కడ మోచేతికి గీరుకుంది."

మోచెయ్యి చూపించాడు. నిజంగానే గీరుకుని ఉంది. ఫ్రిజ్ వెనక రేకు గీరుకుందని మొన్న నాకే చెప్పాడు, నేను మాత్రం నోరు విప్పలేదు.

"సరే, గోడ దాటారు," అన్నాడు నీలం చొక్కా ఆయన. ఆయన కళ్ళలో నవ్వు ఉందో లేదో చెప్పడం కష్టం. "ఆ తర్వాత ఆవిడ తెర మీద ఒక పెట్టె వస్తుంది. ఫలానా వాళ్ళు మీ కంప్యూటర్ వాడుకుంటామంటున్నారు, సరేనా అని. ఆ 'సరే' మీద అక్కడున్న మనిషి నొక్కాలి. ఎవరు నొక్కారు?"

"ఎవరు నొక్కుతారు? నేనే నొక్కాను. ఇక్కణ్ణుంచే. మౌస్ అంటే సున్నితంగా వాడేవాళ్ళు వేరే ఉంటారు. నేను కంప్రెసర్లు విప్పే చెయ్యితో నొక్కాను. ఒకటో నొక్కుకి మీ పెట్టె ఉలిక్కిపడింది. రెండో నొక్కుకి పక్కకి జరిగింది. మూడో నొక్కుకి తనంతట తానే 'సరే' అంది. నా మౌస్ ఎంత వేడెక్కిందంటే పట్టుకోలేక దాన్ని తీసి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లారాక మళ్ళీ తీసుకుని పని కానిచ్చాను."

"మౌస్‌ని ఫ్రిజ్‌లో పెట్టావా బాబాయ్?" అంది అక్క.

"మరి ఎక్కడ పెట్టాలి? నా కొట్లో ఉన్నవి అవేగా."

"పాస్‌వర్డ్?" అన్నాడు నీలం చొక్కా ఆయన.

"అడిగింది. 'పాస్‌వర్డ్ చెప్పు' అంది. 'ముందు నువ్వు చెప్పు, అక్కడ పసిపిల్లల మందులు వేడెక్కుతుంటే నన్ను ఆపడానికి నువ్వెవరివి' అన్నాను. దాని దగ్గర జవాబేది? సిగ్గుపడి తనే చెప్పేసింది. ఏం చెప్పిందో మాత్రం ఎవరికీ చెప్పను, నన్ను నమ్మి చెప్పిన మాట అది."

"అన్నయ్యా, చాలు," అంది చెల్లెలు. ఆమె భయం ఏమిటో మాకు అర్థమవుతూనే ఉంది. ఒక్కో కోతకి బాబాయ్ పోలీస్ స్టేషన్‌కి ఒక్కో అడుగు దగ్గరవుతున్నాడు. ఆయన మాత్రం పెళ్ళికి వెళ్తున్నవాడిలా వెళ్తున్నాడు.

"చాలదమ్మా, సార్ ఇంత దూరం వచ్చారు, సగం కథతో పంపిస్తే బాగుంటుందా? ఇప్పుడు అసలు ఘట్టం. లోపలికి వెళ్ళానా, వెళ్ళేసరికి మీ గోడకి తెలిసిపోయింది. అలారం మోగింది. నన్ను వెనక్కి లాగుతోంది. నేను ఇటు మౌస్ పట్టుకుని లాగుతున్నాను. ఈ లాగుడికి మా వీధి దీపాలు మసకబారాయి. టైలరూ, ఆ రోజు నీ కుట్టుమిషన్ ఆగిందా లేదా?"

"ఆగింది," అన్నాను. దారం తెగి ఆగింది. కానీ ఆ మనిషి ఎందుకు అంతలా అల్లుతున్నాడో తెలిశాక దారం సంగతి ఎవడు ఎత్తుతాడు.

"విన్నారా, సాక్షి. అలా లాగుతుంటే డిపోలో ఉన్న మిగతా కంప్యూటర్ల బాణాలన్నీ ఈ గొడవ చూడ్డానికి తమ తమ తెరలు వదిలేసి మా చెల్లెలి తెర మీదకి వచ్చేశాయి. ఒక్కొక్కటీ వచ్చి నా బాణం నడుం పట్టుకుంది. చిన్నప్పుడు తాడు లాగే ఆట ఆడలేదూ, అలా. అందరం కలిసి ఒక్క లాగు లాగాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు ఫోన్ వచ్చింది. ఎవరనుకున్నారు?"

"ఎవరు?" అన్నాడు మాస్టారు ఉండబట్టలేక.

"ఫైర్‌వాల్. అదే ఫోన్ చేసింది. 'బాబాయ్ గారూ, నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఈగని కూడా వాలనివ్వలేదు, ఇవాళ మీరు నా పరువు తీస్తున్నారు, పెద్దాఫీసుకి తెలిస్తే నన్ను పీకేస్తారు' అని ఒకటే ఏడుపు. నాకు జాలేసింది. 'చూడమ్మా, నీ మీద నాకేం కోపం లేదు, ఒక్క నిమిషం అటు తిరిగి నిలబడు, నేను పని చూసుకుని పోతాను' అన్నాను. తిరిగి నిలబడింది. మీకన్నా దానికే మంచీ చెడ్డా తెలుసు సార్, ఏమీ అనుకోకండి."

నీలం చొక్కా ఆయన టీ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు.

"సరే, చలిగది తెర దొరికింది. ఎంత నొక్కినా లోపలి వేడి దిగదే. దిగాలంటే ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, అంతసేపు టీకాలు ఆగవు. అప్పుడు చేశాను సార్, ఇంతవరకు ఎవరూ చెయ్యని పని. మా కొట్లో అతి పెద్ద ఫ్రిజ్ ఉంది చూశారూ, దాని తలుపు తీసి కంప్యూటర్ వైపు తిప్పాను. చలి వెళ్ళి తీగలో దూరింది. అక్కడ గదిలో తేలింది."

"ఆగవయ్యా," అన్నాడు మాస్టారు. "చలి తీగలో ఎలా వెళ్తుంది?"

"కరెంటు వెళ్తుందా మాస్టారూ?"

"వెళ్తుంది."

"మాట వెళ్తుందా?"

"వెళ్తుంది."

"బొమ్మ?"

"అదీ వెళ్తుంది."

"మరి చలి ఏం పాపం చేసింది? దాన్ని ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, అది వెళ్ళలేదు. నేను అడిగాను, వెళ్ళింది. వెళ్ళడమంటే మామూలుగానా? డిపోలో వాళ్ళు గోనె సంచులు కప్పుకున్నారు. మేనేజర్ గారి నోట్లోంచి మాటకి బదులు పొగ వచ్చింది. చివరికి మరీ ఎక్కువై టీకాలు గడ్డకడతాయేమోనని భయపడి, అక్కా, నీ కొట్లోంచి వేడి టీ తెచ్చి కంప్యూటర్ పక్కన పెట్టి సరిచేశాను. అదీ జరిగింది. రాశారా? సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి. కేసు పెట్టుకోండి, జడ్జి గారి ముందు కూడా ఇదే చెబుతాను, ఇంకొంచెం విడమరిచి చెబుతాను. చేసింది తప్పంటే మళ్ళీ అదే తప్పు చేస్తాను. పిల్లల మందులు పాడైపోతుంటే పాట వింటూ కూర్చోవాలని ఏ రూల్లో రాశారో వాళ్ళని రమ్మనండి, ఈ బల్ల మీదే మాట్లాడతాను. కానీ మా చెల్లెలి ఉద్యోగం జోలికి మాత్రం రాకండి. దానికి ఏమీ తెలియదు."

చెయ్యి చాపాడు పెన్ను కోసం. నీలం చొక్కా ఆయన ఇవ్వాలా వద్దా అన్నట్టు ఆలోచించి, జేబులోంచి తీశాడు.

చెల్లెలు వచ్చి ఆ పెన్ను తీసేసుకుంది.

"సార్, మా అన్నయ్య మా డిపోలోకి రాలేదు," అంది. "గోడ దాటలేదు. తలుపు నేను తియ్యలేదు. ఆయన అసలు తన కొట్లోంచి కదల్లేదు."

"అమ్మా, నువ్వు నన్ను కాపాడక్కర్లేదు," అన్నాడు బాబాయ్.

"కాపాడ్డం కాదన్నయ్యా, నిజం చెబుతున్నాను. ఒకరి తెర ఒకరు చూసే ఈ ఏర్పాటుకి ఇద్దరి దగ్గరా చెరో నంబరు ఉంటుంది. సాయం కావలసిన మనిషి తన నంబరు చెప్పాలి, సాయం చేసే మనిషి అది కొట్టి లోపలికి రావాలి. నువ్వు నా నంబరు అడగనేలేదు. హడావుడిలో నీ నంబరు నాకు చదివావు, 'కొట్టు, తొందరగా కొట్టు' అన్నావు. కొట్టాను. 'సరేనా' అనే పెట్టె నీ తెర మీద వచ్చింది, నొక్కింది నువ్వు. నువ్వు నా కంప్యూటర్లోకి రాలేదు, నేనే నీ కంప్యూటర్లోకి వచ్చాను."

నీలం చొక్కా ఆయన ముందుకి వంగాడు. "మరి చలిగది ఎలా బాగుపడింది?"

"ఈ చలిగది ప్రోగ్రాముకి నకలు ఒకటి, నేర్చుకోవడానికి పెట్టుకున్నది, ఆయన కంప్యూటర్లో ఉంది సార్. అందులోనూ ఎర్ర తెర, పచ్చ తెర అన్నీ అలాగే ఉంటాయి. నా ఫోన్ రాగానే ఏవి మార్చాలో చూసుకుందామని దాన్ని తెర నిండా తెరిచి పెట్టుకున్నాడు. అదే మా తెర అనుకున్నాడు. దాని మీద అన్నీ వరసగా సరిచేస్తూ పోయాడు. నేను డిపోలో ఆయన తెర చూస్తూ, ఆయన ఒకటి నొక్కితే మా దాంట్లో అదే నొక్కాను. ఆయనకి పని తెలుసు సార్, అందులో అబద్ధం లేదు. ఆయన చూపించకపోతే టీకాలు దక్కేవి కావు. కానీ ఆయన లోపలికి మాత్రం రాలేదు."

"మీకు అప్పుడే తెలుసా?"

"ఆ నిమిషంలోనే తెలిసింది. చెబుదామనే అనుకున్నాను. పచ్చ వచ్చాక ఫోన్లో ఆయన సంతోషం విని చెప్పబుద్ధి కాలేదు. ఈ బల్ల మీద చెప్పుకుంటాడు, నలుగురు నవ్వుతారు, అయిపోతుంది అనుకున్నాను."

"అబద్ధం," అన్నాడు బాబాయ్. లేచి నిలబడ్డాడు. ఆయన మొహం చూసి నాకు బాధేసింది. "తన ఉద్యోగం పోయినా పర్లేదు, అన్నయ్య జైలుకి వెళ్ళకూడదని ఇదంతా కల్పిస్తోంది సార్. నమ్మకండి."

"కల్పించడం నీ పని అన్నయ్యా," అంది చెల్లెలు. "చివర్లో ఆ ప్రోగ్రాం మూసేశావు గుర్తుందా? దాని వెనక పేకాట తెరిచి ఉంది, ఒక్కడే కూర్చుని ఆడుకునే ఆట. అది చూసి ఫోన్లో నన్ను తిట్టావు. 'ఆఫీసులో కూర్చుని పేకాట ఆడుతున్నావా, నాన్న ఉంటే ఏమనేవాడు' అని. నేను ఇంక ఆడను అన్నయ్యా అన్నాను."

నీలం చొక్కా ఆయన పెదాలు కదిలాయి. "మా కంప్యూటర్లలో ఆటలుండవు. ఒక్కదాంట్లోనూ లేవు, నేనే తీయించాను," అన్నాడు. తర్వాత కాసేపు డిపో గేటు వైపు చూసి, "బయటివాళ్ళు లోపలికి రాకూడదన్నది రూలు. ఎవరూ రాలేదు. లోపలి మనిషి బయటికి వెళ్ళి చూసి వచ్చింది. దానికి ఒక మందలింపు రాస్తాను, అంతకన్నా ఏమీ లేదు. పోలీసులూ అక్కర్లేదు," అన్నాడు. ఆ పైన బాబాయ్ వైపు తిరిగాడు. "కానీ ఒక్క మాట మీరు చెప్పాలి. ఆవిడ కల్పించిందని మీరంటున్నారు కాబట్టి. ఆ పేకాట మీదేనా?"

మేమంతా బాబాయ్ మొహంలోకి చూశాం. కాదంటే ఆయన మళ్ళీ గోడ దాటిన వీరుడు, చేతికి బేడీలు. ఔనంటే కేసూ లేదు, చెల్లెలి ఉద్యోగమూ నిలిచినట్టే, కానీ రేపటి నుంచి ఈ బల్ల మీద ఆయనకి కథ లేదు. జైలుకి నవ్వుతూ సిద్ధపడ్డ మనిషికి ఆ ఒక్క మాట గొంతు దాటడం లేదు. ఒకసారి నా వైపు చూశాడు, ఒకసారి అక్క వైపు చూశాడు. చెల్లెలు సంచీ పట్టీ వదలకుండా ఆయన్నే చూస్తోంది.

"నాదే," అన్నాడు బాబాయ్. తర్వాత కూర్చుని, మెల్లిగా మళ్ళీ కాలు మీద కాలేసుకున్నాడు. "నాదే, రాసుకోండి. దాని కింద ఇంకో లైను కూడా రాయండి. ఆ ఆట నేను గెలుస్తున్నాను."

"లేదన్నయ్యా," అంది చెల్లెలు. "ముక్క వెయ్యడానికి చోటు లేక ఆగిపోయి ఉంది. నేను చూశానుగా."